కడుక్కోవడానికి నీళ్లు అడిగాను

2009 మార్చిలో ఒక సోమవారం ఉదయం మా ఇంట్లో మెట్లు దిగుతుంటే ఎడమకాలి చెప్పు ఊడి పైమెట్టు మీదే ఉండిపోయింది. నాకు తెలియలేదు. కిందికి వచ్చి కాఫీ కలుపుకుంటుంటే తొమ్మిదేళ్ల మా అమ్మాయి మేఘన ఆ చెప్పు పట్టుకొచ్చి, "అమ్మా, యూ ఫర్‌గాట్ వన్" అంది. అప్పుడు చూసుకుంటే అరికాలు నేలకు ఆనుతున్నట్టే లేదు. చలికి తిమ్మిరెక్కి ఉంటుందనుకున్నాను. అమెరికాలో మేముండే క్యారీ అనే ఊళ్లో మార్చి నెలలో పెద్ద చలి కూడా ఉండదు. కానీ మనకు నచ్చిన కారణం ఒకటి దొరికితే ఇంకోటి వెతకం కదా.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు చేసినదాంట్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. మంగళవారం ఆఫీస్ పార్కింగ్‌లో కారు దిగబోతే తొడల్లో బలం లేదు. బుధవారం మేఘనకు జడ వేస్తూ రబ్బర్‌బ్యాండ్ రెండో చుట్టు తిప్పలేకపోయాను. ఫ్యామిలీ డాక్టర్ "వెజిటేరియన్ కదా, బి ట్వెల్వ్ తగ్గి ఉంటుంది" అని బ్లడ్ టెస్ట్ రాసి పంపేశారు. మా ఆయన మురళి "రోజంతా కూర్చునే పని, ఎక్సర్‌సైజ్ లేదు, ఇంకేమవుతుంది" అని తన వంతు వైద్యం తను చేశారు. గురువారం ఉదయం మంచం దిగి నిలబడబోయి నిలువునా కూలబడ్డాను.

ఎమర్జెన్సీలో న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టింది. కాలు కదల్లేదు. ఇంకో కాలు మీద కొట్టింది. అదీ కదల్లేదు. "రెండు మూడు వారాల కింద కడుపు పాడైందా?" అని అడిగింది. అయింది. ఎవరింట్లోనో పాట్‌లక్‌లో, తలా ఒక వంటకం తెచ్చే విందులో, తిని వచ్చి రెండు రోజులు పడుకున్నాను. స్పైనల్ ట్యాప్ అని వెన్నులోంచి నీరు తీశారు, నర్వ్ కండక్షన్ టెస్ట్ అని కాళ్లకు కరెంటు షాకులు ఇచ్చారు. సాయంత్రం ఆవిడ నా మంచం అంచున కూర్చుని "గిలాన్ బారే సిండ్రోమ్" అంది. ఒంట్లోని ఇమ్యూన్ సిస్టమే పొరబడి నరాల మీద పడుతుందట. "యూ విల్ గెట్ వర్స్ బిఫోర్ యూ గెట్ బెటర్" అని కూడా అంది. ఆ మాటకు మురళి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఐవీఐజీ అని దాతల రక్తంలోంచి తీసే యాంటీబాడీలను ఐదు రోజులు ఎక్కించారు. కొన్ని గంటలకోసారి గొట్టంలోకి ఊపిరి ఊదించి నంబర్ రాసుకునేవారు. అది మరీ పడిపోతే వెంటిలేటర్ అని చెప్పారు. దేవుడి దయవల్ల అంతవరకు రాలేదు. కాళ్లు మాత్రం రెండు దిండ్లలా పడి ఉండేవి. చేతుల్లో చెంచా ఎత్తేంత బలమే మిగిలింది.

ఇలాంటి అనుభవాలు రాసేవాళ్లు నొప్పి గురించి, భయం గురించి, దేవుడి గురించి రాస్తారు. బాత్రూమ్ గురించి రాయరు. నేను రాస్తాను, ఎందుకంటే మంచం మీద పడిన ఆ వారాల్లో నేను రోజంతా ఆలోచించింది దాని గురించే. బెడ్‌పాన్ పెట్టేవారు, తీసేవారు, తడి వైప్స్‌తో తుడిచి "ఆల్ క్లీన్" అనేవారు. నేను క్లీన్‌గా ఉన్నానని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ ఒంటితోనే మురళి ఇంటినుంచి తెచ్చిన పెరుగన్నం తినాలంటే గొంతు దిగేది కాదు. నడవాలన్న కోరిక తర్వాత సంగతి. ముందు నా అంతట నేను బాత్రూమ్‌కి వెళ్లి, మనం కడుక్కున్నట్టు కడుక్కుని రావాలి. అదొక్కటే పంతంగా పెట్టుకున్నాను.

మూడో వారంలో రిహాబ్ వార్డుకి, మళ్లీ నడక నేర్పేచోటికి, మార్చారు. చేతికి "ఫాల్ రిస్క్" అని పసుపుపచ్చ పట్టీ, కాళ్లకు పసుపు సాక్సులు. వాకర్ పట్టుకుని పది అడుగులు వేయగలిగిన రోజున మురళి చెవిలో చెప్పాను.

"ఏవండీ, రేపు వచ్చేటప్పుడు మన బాత్రూమ్‌లో క్యాన్ పట్రండి."

"హాస్పిటల్‌కా? ఎవరైనా చూస్తే ఏమంటారు?"

"ఏమైనా అననివ్వండి. బ్యాగ్‌లో అడుగున పెట్టుకుని రండి."

ఇక్కడ ఉండే మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. మొక్కలకు నీళ్లు పోసే చిన్న ప్లాస్టిక్ క్యాన్ కొని టాయిలెట్ పక్కన పెట్టుకుంటాం. అమెరికన్ ఫ్రెండ్స్ ఇంటికి వస్తున్నారంటే దాన్ని తీసి సింక్ కింద దాచేస్తాం. హాస్పిటల్‌లోనూ నేను అదే చేశాను. షవర్ కర్టెన్ వెనక దాచాను. నర్సులకు సాయంగా ఉండే ఒక ఎయిడ్ దాన్ని చూసి "మీ బాత్రూమ్‌లో మొక్క ఉందా?" అని అడిగితే "ఫ్లవర్స్ వస్తాయి కదా, వాటికి" అని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను.

ఇప్పుడా బాత్రూమ్ ఎలా ఉండేదో చెప్పాలి. టాయిలెట్ ఒక మూల, సింక్ ఎదురు గోడకు, మధ్యలో నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులు మీకు నాలుగే. నాకు వాకర్‌తో పది. పట్టుకోవడానికి స్టీల్ కడ్డీ ఒకటే ఉంది, అదీ ఎడమవైపు గోడకు. మనం కడుక్కునేది ఎడమచేత్తో. ఆ చెయ్యి పనిలో ఉంటే ఇక పట్టుకునేది దేన్ని? కుడివైపు గాలి తప్ప ఏమీ లేదు. అద్దం మాత్రం పెద్దది పెట్టారు, చుట్టూ లైట్లు.

రెండు రోజులు ఎలాగో నెట్టుకొచ్చాను. ఎయిడ్‌ని "ప్రైవసీ కావాలి, పిలుస్తాను" అని బయటికి పంపేసి, సింక్ దగ్గర క్యాన్ నింపి, వాకర్‌కి తగిలించుకుని టాయిలెట్ దాకా వచ్చేదాన్ని. మూడో రోజు నీళ్లు ఒలికాయి. నా పాదాలకు స్పర్శ లేదు, నేల తడిగా ఉందని తెలియలేదు. జారి ఎడమచేతి మీద పడ్డాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

నర్స్ మేనేజర్ వచ్చింది. కోపం లేదు, అరుపు లేదు, ఫారం పట్టుకుని నిలబడింది. "కాల్ బటన్ ఎందుకు నొక్కలేదు? సింక్ దగ్గరికి ఎందుకు వెళ్లారు?" అని అడిగింది. ముప్పై తొమ్మిదేళ్ల ఆడదాన్ని, మాస్టర్స్ చదివినదాన్ని, సిగ్గుతో చచ్చిపోతూ "ముఖం కడుక్కుందామని" అన్నాను. ఆవిడ రాసుకుంది. "పేషెంట్ నాన్‌కంప్లయంట్". చెప్పిన మాట వినని మొండిదాన్నని అర్థం.

చేతికి పిండికట్టు, అదే కాస్ట్, వేశారు. వాకర్ పట్టుకోలేను. ఎడమచేత్తో ఏ పనీ చేసుకోలేను. మళ్లీ బెడ్‌పాన్, మళ్లీ వైప్స్. ఆ మధ్యాహ్నం దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. జబ్బు వచ్చినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ వార్డులో లూర్డెస్ అనే నర్స్ ఉండేది. ఫిలిప్పీన్స్ ఆవిడ, యాభై దాటి ఉంటుంది. మర్నాడు బాత్రూమ్ సర్దుతూ కర్టెన్ వెనక నుంచి నా క్యాన్ బయటికి తీసింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. "మా దేశంలో దీన్ని తాబో అంటాం. మా ఇంట్లోనూ ఉంది. నాతో చెప్పొచ్చు కదా" అంది.

"మీరు ఇక్కడ ఎవరికైనా చెప్పారా?" అన్నాను.

లూర్డెస్ క్యాన్‌ని టాయిలెట్ పక్కన పెట్టింది. "పద్నాలుగేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అంది. తర్వాత నన్ను వీల్‌చెయిర్‌లో టాయిలెట్ దాకా తీసుకెళ్లి, గ్లోవ్స్ వేసుకుని, గోరువెచ్చటి నీళ్లు పోసి కడిగింది. మా అమ్మ తర్వాత నాకు ఆ పని చేసింది ఆవిడే. ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నాను.

తిన్నాక ఒళ్లు మండడం మొదలైంది. ముందు నా మీద, తర్వాత ఆ గది మీద. ఆ అంతస్తులో ఇద్దరు ఆడవాళ్లం, ఒకరికి నీళ్లు కావాలి, ఇంకొకరికి ఆ అలవాటు సంగతి తెలుసు, ఇద్దరం నోరు మూసుకున్నాం. నా చెయ్యి విరిగింది అందుకు. మేనేజర్‌ని పిలిపించాను. "నా రికార్డులో ఆ మాట మార్చండి. నేను అబద్ధం చెప్పాను. టాయిలెట్‌కి వెళ్లాక మేం నీళ్లతో కడుక్కుంటాం. నీళ్ల కోసం వెళ్లి పడ్డాను. అలా రాయండి" అన్నాను.

ఆవిడ ముఖం కందగడ్డలా అయింది. "వైప్స్ ఇస్తున్నాం కదా" అంది.

"మీకు కుక్క ఉందా?" అన్నాను. ఉందట. "అది చేసిన పని మీ చేతికి అంటితే టిష్యూతో తుడుచుకుని భోజనానికి కూర్చుంటారా?"

ఆవిడ ఫారం మార్చింది. అసలు కారణం రాసి, కింద నాతో కుడిచేత్తో సంతకం పెట్టించింది. తర్వాత కుర్చీలాంటి కమోడ్, రెండువైపులా చేతులున్నది, ఎక్కడినుంచో వెతికి తెప్పించింది కూడా. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆరు వారాలకు కాస్ట్ తీశారు. మే చివర్లో ఇంటికి వచ్చాను. ఫిజికల్ థెరపీ, కర్ర, మెట్లు ఒక్కొక్కటిగా. మధ్యలో కాళ్లు మళ్లీ నీరసించి పది రోజులు భయపెట్టాయి. "రిలాప్స్ కాదు, మీరు అతిగా చేస్తున్నారు" అని న్యూరాలజిస్ట్ చివాట్లు పెట్టింది.

మరుసటి ఏడాది హాస్పిటల్ నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త బిల్డింగ్ కడుతున్నారట. పేషెంట్ గది ఎలా ఉండాలో అట్టలతో, చెక్కతో ఒక నమూనా కట్టారు, పాత పేషెంట్లు వచ్చి చూసి అభిప్రాయం చెప్పాలట. నా పేరు ఇచ్చింది ఆ మేనేజరే.

"నువ్వు వెళ్లి అక్కడ ఆ మాట ఎత్తుతావా? మన పరువేం కావాలి?" అన్నారు మురళి.

"పరువు ఆ నేల మీద పడ్డప్పుడే పోయిందండీ. ఇప్పుడు పోవడానికి ఏం మిగిలింది?"

"అమ్మా, ప్లీజ్ డోంట్ సే పూప్" అంది మేఘన.

ఒక గోడౌన్‌లో పెట్టారు ఆ నమూనాని. గోడలు తెల్ల అట్టలు, మంచం నిజమైనది, టాయిలెట్ మాత్రం ప్లైవుడ్ డబ్బా. మేం ఎనిమిదిమంది పేషెంట్లం. స్టాఫ్ తరఫున లూర్డెస్ కూడా వచ్చింది. కెవిన్ అనే ఆర్కిటెక్ట్ కిటికీ ఎంత పెద్దదో, సోఫా ఎలా మంచంగా మారుతుందో చూపించాడు. అందరూ కిటికీని మెచ్చుకున్నారు. నేను కర్ర ఊతంతో బాత్రూమ్‌లోకి వెళ్లాను. మళ్లీ కడ్డీ ఒకటే, మళ్లీ ఎడమవైపే. సింక్ మళ్లీ ఎదురుగోడకే.

ప్లైవుడ్ డబ్బా మీద కూర్చుని అందర్నీ లోపలికి పిలిచాను. ఎడమచెయ్యి వెనక్కి పెట్టి చూపించాను. చెప్పాల్సింది చెప్పాను, మేఘన వద్దన్న మాటతో సహా. ఒకాయన పైకప్పు చూస్తున్నాడు. "కెవిన్, మీరు కూర్చోండి. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకోండి, కాళ్లు ముందుకు చాపండి. నాకు అప్పుడు కాళ్లలో అంతే బలం ఉంది. ఇప్పుడు లేవండి" అన్నాను. మొహమాటంగానే కూర్చున్నాడు. రెండుసార్లు ప్రయత్నించాడు. లేవలేకపోయాడు.

"అయితే ఇలా ఎంతమందికి అవసరం పడుతుంది?" అని కొత్త బిల్డింగ్ కమిటీ నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది.

నేను జవాబు చెప్పేలోపు లూర్డెస్ చెయ్యెత్తింది. "నాకు" అంది. అంతమంది ముందు, పదిహేనేళ్ల తర్వాత. ఆ వెనక వీల్‌చెయిర్‌లో ఒక తెల్ల పెద్దాయన ఉన్నాడు, ట్రక్ డ్రైవర్‌గా రిటైరయ్యాడు, స్ట్రోక్ వచ్చి ఆయనకు ఒకవైపు పడిపోయింది. "నీళ్ల సంగతి నాకు తెలీదు. నా ఎడమవైపు చచ్చిపోయింది. ఆ కడ్డీ నాకూ పనికిరాదు" అన్నాడు.

అప్పుడు గోడకు అతికించిన డ్రాయింగ్‌లో టాయిలెట్ పక్కన ఒక చిన్న గొట్టం గీసి ఉండడం చూశాను. ఇదేమిటని అడిగాను. బెడ్‌పాన్ కడగడానికి నర్సులకు పెట్టే స్ప్రే అని కెవిన్ చెప్పాడు.

"అంటే టాయిలెట్ పక్కన నీళ్లు ఉన్నాయి."

"ఉన్నాయి."

"బెడ్‌పాన్‌ని నీళ్లతో కడుగుతారు. మనిషిని కాగితంతో తుడుస్తారు."

కెవిన్ జేబులోంచి మార్కర్ తీసి, అట్టగోడ మీద సింక్ ఉన్నచోట పెద్ద ఇంటూ గుర్తు పెట్టాడు.

ఒక్క రోజులో అయిపోలేదు. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు స్ప్రే వద్దన్నారు, నీళ్లు వెనక్కి పైపులోకి వస్తే ప్రమాదమన్నారు. అలా రాకుండా ఆపే వాల్వ్ ఉందని ప్లంబింగ్ ఇంజినీర్ చెప్పాడు. నాలుగు మీటింగ్‌లకు కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లాను. మూడో మీటింగ్‌కి పిలవడం మర్చిపోయామన్నారు. పిలవకుండానే వెళ్లి కూర్చున్నాను.

2014లో ఆ బిల్డింగ్ తెరిచారు. ప్రతి బాత్రూమ్‌లో కడ్డీలు రెండువైపులా ఉన్నాయి, వద్దనుకుంటే పైకి మడిచేలా. సింక్ కూర్చున్నచోటికి అందుతుంది. స్ప్రే అన్నిచోట్లా పెట్టలేదు, రిహాబ్ అంతస్తులో సగం గదుల్లోనే పెట్టారు. మిగతా సగం కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను. ఆ కమిటీలో ఇప్పుడు నేను మెంబర్‌ని. నన్ను చూడగానే కెవిన్ "బాత్రూమ్ డ్రాయింగ్స్ ఫస్ట్" అంటాడు.

నాకు ఎడమపాదంలో రెండు వేళ్లకు ఇప్పటికీ స్పర్శ లేదు. తడి నేల మీద చూసుకుని అడుగేస్తాను. మిగతాదంతా మామూలే. ఆఫీస్‌కి వెళ్తాను, కారు డ్రైవ్ చేస్తాను, మెట్లెక్కుతాను.

చదివేవాళ్లకు చెప్పదలచుకున్నది ఒక్కటే. హాస్పిటల్‌లో చేరిన రోజు నర్స్ "ఎనీ స్పెషల్ నీడ్స్?" అని అడుగుతుంది. మనవాళ్లందరం "వెజిటేరియన్" అని చెప్పి ఆగిపోతాం. ఆగకండి. నేను నీళ్లతో కడుక్కుంటాను, దానికి ఏర్పాటు చేయండి అని మొదటిరోజే, స్పష్టంగా, తల ఎత్తుకుని చెప్పండి. ఎవరి ముఖమైనా ఎర్రబడితే, వాళ్లదే ఎర్రబడనివ్వండి.