ఖాజా చాచా మూటలో దొరికిన బొమ్మల పుస్తకం

మా చిన్నప్పుడు... నస్పూర్‌లో పుస్తకాలకు అట్టలు కట్టే ఖాజా చాచా దుకాణం ముందు ఒక మధ్యాహ్నం జనం గుమిగూడారు. అందరి చూపూ ఒక బొమ్మల పుస్తకం మీదే...

బొంబాయి నుంచి వచ్చిన పాత కాగితాల మూటలో దొరికిందట. అట్టల లోపల అతికించడానికి చాచా అలాంటి కాగితాలే తెప్పించుకునేవాడు. ఈ పుస్తకాన్ని మాత్రం చింపబుద్ధి కాక, పిల్లలం చూస్తామని పక్కన పెట్టాడు.

మా ఇంగ్లీషు సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "అక్షరాలు ఇంగ్లీషువే... ఒక్క మాట గూడ ఇంగ్లీషు కాదు. గిదేదో గూఢచారుల భాష లెక్కున్నది" అన్నారు.

అవి సరిహద్దుల్లో యుద్ధం నడుస్తున్న రోజులు. రేడియో చుట్టూ మూగి వార్తలు వినేవాళ్లు. కొత్త మనిషి కనబడితే చాలు, ఎవరు, ఎక్కడి నుంచి వచ్చాడని ఆరా తీసేవాళ్లు. ఆ పుస్తకంలో చూస్తేనేమో... భూమిని తొలిచే పెద్ద యంత్రం, పక్కన ఇనుప గోపురం, లోపలికి దిగే సొరంగాలు...

బొగ్గు గనిలో పనిచేసే మా బాపు కూడా ముఖం చిట్లించాడు. "మన బొగ్గుబాయి లెక్కనే ఉన్నది గదా..."

"బొమ్మల కితాబ్ భయ్యా, పోరగాండ్లు సూస్తరని పెట్టిన" అని చాచా నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఎరిగిన మనిషిని అప్పుడే ఊళ్లో దిగినవాడిలా చూశారు. సాయంత్రానికి పోలీసు జమేదారు వచ్చి, పుస్తకాన్నీ చాచానీ ఠాణాకు తీసుకెళ్లాడు.

ఆ బొమ్మలు నాకు తెలుసు. నెల కిందట బడి ఎగ్గొట్టి, మంచిర్యాలలో ఉండే దోస్తుతో కలిసి అక్కడే చూసిన ఇంగ్లీషు సినిమా కథ అది. చెబితే నా సంగతి బయటపడుతుంది... నోరు మూసుకున్నాను.

దుకాణం తెరవలేదు. రెండో రోజు చాచీ అన్నం గిన్నె పట్టుకుని ఠాణాకు పోతుంటే, రోజూ పలకరించే మా అవ్వ తలుపు వెనక్కి జరిగింది. అది చూశాక నాకు ముద్ద దిగలేదు.

"బాపూ... అది సినిమా కథ. నేను చూసిన."

"ఎప్పుడు?"

చెప్పాను. కొడతాడనుకున్నాను. చెప్పులేసుకుని "నడువు" అన్నాడు.

ఠాణాలో జమేదారు పుస్తకం తన వైపు తిప్పుకుని, కథ చెప్పమన్నాడు. యంత్రం భూమిలోకి దిగడం, ఆ కన్నంలోంచి తాటిచెట్టంత పురుగులు పైకి రావడం, జనం పరుగులు పెట్టడం... నేను చెబుతున్నకొద్దీ ఆయన పేజీలు తిప్పాడు. అన్నీ కలిశాయి. చివరికి పురుగులన్నీ మంటల్లో చచ్చిపోతాయన్నాను.

ఆయన వేలు ఆగింది. "సచ్చినయా? గిండ్ల హీరోనే మింగినయ్ గదా."

అప్పుడు, గోడకు ఆనుకుని కూర్చున్న చాచా నెమ్మదిగా అన్నాడు... "దొంగ నకలు గావొచ్చు సాబ్. సినిమా సూసి ఎవడో గీసుకున్నడు. ఆఖరి దాక కూసోలేదేమో."

జమేదారు మీసాల కింద నవ్వు కనిపించింది. చాచాను పంపేశాడు. పుస్తకం మాత్రం ఇవ్వలేదు.

దారిలో బాపు "మాఫ్ చెయ్యి భాయ్" అన్నాడు. చాచా తలూపాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "గా రోజు నువ్వు ఆడనే ఉన్నవ్ గద బేటీ... ఎందుకు చెప్పలే?"

కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగాడు... నేను బాపు వెనక్కి జరిగాను.

చాచా మళ్లీ దుకాణం తెరిచాడు. నా పుస్తకాలకు ఎప్పటిలాగే అట్టలు కట్టాడు. కానీ ఆ తర్వాత మూటల్లో బొమ్మల పుస్తకం ఏది దొరికినా, మా కంట పడకముందే చింపేసేవాడు.

ఇప్పుడు నా మనవరాలు ఏ దేశపు రాతనైనా ఫోను ముందు పెట్టి క్షణంలో అర్థం చెప్పేస్తుంది... అప్పుడు మాకు అలాంటివేవీ లేవు. ఆ ఊళ్లో సంగతి తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది...

సమయానికి చెప్పలేకపోయిన మాట మీకూ ఒకటి ఉంటే కింద రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.