ఎడమ మోచేతి మచ్చ

జమ్మలమడుగులో విద్యాశాఖ గుమాస్తా శేషగిరి ఎవరినీ నమ్మేవాడు కాదు. భార్య సుశీల మజ్జిగ పోస్తే నీళ్లెన్ని కలిపావని అడిగే మనిషి. దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా వెనక్కి పోవలసిందే. దాన్ని ఆయన జాగ్రత్త అనుకునేవాడు. ఊళ్లోవాళ్లు మాత్రం వేరే మాట అనేవారు.

1959 జూన్‌లో సైదున్నీసా అనే అమ్మాయి టీచరు ఉద్యోగపు కాగితాలు పట్టుకొచ్చింది. మర్నాటికల్లా పులివెందుల దగ్గరి బడిలో చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. శేషగిరి ఆమె బడి సర్టిఫికెట్ తిరగేశాడు. గుర్తింపు చిహ్నం అన్నచోట, ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ అని ఉంది.

“ఏదీ, మచ్చ చూపీమ్మా.”

ఆమె ముసుగు సర్దుకుని మోచేయి చాపింది. మచ్చ లేదు.

“యాడ పోయింది?”

“నాకు మచ్చే లేదు సార్. అది మా అయ్యవారు రాసింది.”

ఇంకేముంది, శేషగిరికి దొంగ దొరికినట్టే అయింది. ఎవరో చదివిన చదువుకు ఈమె ఉద్యోగం కొట్టేస్తోందని తేల్చేసుకుని, సంతకం పెట్టనన్నాడు. పాపం, ఆ పిల్ల పరుగున పోయి, ఆ మచ్చ రాసిన అయ్యవారినే, రిటైరైన హెడ్మాస్టరు జగన్నాథాన్ని వెంటబెట్టుకొచ్చింది.

“బీరువాలో మా బడి పాత రిజిస్టరు ఉంటాది, తీయప్పా” అన్నాడు ముసలాయన.

శేషగిరి తీసి చూశాడు. సైదున్నీసా తరగతిలో ముప్పై ఒక్కమంది. అందరికీ ఎడమ మోచేతి మీదే మచ్చ!

“దొంగ రాతలు రాస్తారా? మీరేం అయ్యవార్లండీ!” శేషగిరి గొంతు లేచింది.

“మచ్చ లేనోళ్లకు గడి ఖాళీగా ఇడిస్తి, తిప్పి పంపిరి. లేదు అని రాస్తి, మళ్లా తిప్పి పంపిరి. పరీచ్ఛ దగ్గరికొచ్చె. ఇంగేం చేద్దును? అందరికీ ఒకటే మచ్చ పెడితి. ఆ దినమే పాసు చేస్తిరి. ఒక్క చెయ్యి గూడా ఎవురూ చూడల్యా.”

రిజిస్టరులోనే అంటించి ఉంది ఆ వాపసు కాగితం. “గడి నిండలేదు.” ఆఖరి పేజీలో ఇంకోటి. “అన్నీ సరిచూడబడినవి.” రెండింటి కిందా శేషగిరి సంతకమే.

ఆయన ముఖం మాడిపోయింది. ఇంట్లో మజ్జిగను నమ్మనివాడు ముప్పై ఒక్క మచ్చల్ని కళ్లు మూసుకుని నమ్మాడు. కలం తీసి, “ఈమెకు మచ్చ లేదు. తప్పు నాది” అని రాసి, సంతకం చేసి ఇచ్చాడు.

“బస్సుకు టైమైతాంది, పో తల్లీ” అన్నాడు శేషగిరి.

సైదున్నీసా కదల్లేదు. అక్కడే నిలబడి ఆ కాగితాన్ని ఒక్కో అక్షరం చదివింది. సంతకం ఉందో లేదో ఇంకోసారి చూసుకుంది. అప్పుడు గానీ గడప దాటలేదు.