యాపలదిన్నిలో ఇచ్చిన మాట

మధ్యాహ్నం రైలుకు సికింద్రాబాదులో బయలుదేరాను. రాయచూరు చేరేసరికి పొద్దుగూకింది. స్టేషన్ ఎదుటి లాడ్జిలో గది దొరికింది, దోమలు ఉచితం. వెళ్లింది నాతో పనిచేసిన మా ఈరన్న దినాలకు.

ఈరన్న, నేను ఏళ్ల తరబడి ఒక టెలిస్కోపుకు ప్రణాళిక వేశాం. వేల నక్షత్రాల వెలుగును ఒకేసారి గాజు పోగుల్లో పట్టి, రంగులుగా విడదీసి, ఏ చుక్క దేనితో తయారైందో చెప్పే టెలిస్కోపు. ఏ పోగు ఏ చుక్కకు పెట్టాలో చూసింది ఈరన్నే. అతను కామెర్లతో ఆస్పత్రిలో ఉండగా పైవాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. వెళ్లినప్పుడల్లా "త్వరగా లేచి రా, బోలెడు పనుంది" అనేవాణ్ణి.

పొద్దున ఏడింటికి యాపలదిన్ని బస్సెక్కాను. పక్క సీటు ముసలమ్మ ఎవరింటికని అడిగితే చెప్పాను.

"సుక్కల ఈరన్ననా! గిట్ల పోతడనుకోలె నాయనా," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఊళ్లో ఈరన్న వాళ్ల చేను గట్టున విస్తట్లో జొన్నరొట్టె, పుంటికూర పెట్టి అందరం దూరం జరిగాం. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి కోరిక మిగిలిందని లెక్క. అది తీరుస్తామని ఎవరో ఒకరు పైకి మాటివ్వాలి. ఈరన్న వాళ్లన్న పొలం చూసుకుంటానన్నాడు. ఈరన్న భార్య లక్ష్మి బిడ్డను చదివిస్తానంది. అయినా దిగలేదు. వాళ్లన్న నావైపు తిరిగాడు.

"సార్, గా దుర్బీను సంగతి మీరు సెప్పుండ్రి."

"కడతాం ఈరన్నా," అన్నాను. పచ్చి అబద్ధం. కాసేపటికి ఒక కాకి దిగి రొట్టె ముట్టింది. అందరూ దండం పెట్టారు.

బయలుదేరుతుంటే లక్ష్మి గడప దగ్గర ఆపింది.

"ఆపేసిన్రని ఆయనకు ఎరికే సార్. దవాఖానల ఉన్నప్పుడే ఎవరో ఫోన్ల సెప్పిన్రు. 'సార్‌కు సెప్పకు, నా కోసం నవ్వుకుంట మాట్లాడ్తుండు, మాట్లాడనీ' అన్నడు."

సాయంత్రం రైలు కృష్ణ దాటుతుంటే ఏడుపు ఆగలేదు. ఆ చివరి వారమంతా నన్ను ఊరడించడానికి అతనూ, అతన్ని ఊరడించడానికి నేనూ, రాని టెలిస్కోపు గురించి కబుర్లు చెప్పుకున్నామన్నమాట.

రాయచూరు నుంచి యాపలదిన్నికి బస్సులు బాగానే ఉన్నాయి. ఆ దుర్బీను లేచేదాకా నాకే ఆ ఊరు వెళ్లే మొహం లేదు.