గట్టు మీది నేల ఉసిరి

సలోమక్కకు భయమంటే ఏమిటో తెలియదని ఆళ్లగడ్డలో మా వీధి వాళ్లమంతా అనుకునేవాళ్లం. పాములు తిరిగే చేలల్లోకి తెల్లవారకముందే ఒంటరిగా పోయే మనిషి. మాట కటువు, నడక వేగం. నేను పక్కింటి పంతులమ్మను. నీ కషాయం మీద నాకు నమ్మకం లేదని ఆమె మొహం మీదే చెప్పేదాన్ని. "నమ్మాకులే టీచరమ్మా, పసిరికలు వచ్చిన దినం నువ్వే నా వాకిట్లో నిలబడతావ్" అని నవ్వేది.

ఆ కామెర్ల కషాయం వాళ్ల అవ్వ చెన్నమ్మ నాటిది. కూలికి కలుపు తీస్తూ, అందరూ పారేసే మొక్కల్లోంచి ఆ అవ్వ నేల ఉసిరిని ఏరి కొంగులో కట్టుకొచ్చేదట. వేళ్లతో సహా పీకిన మొక్కను నీడన ఆరబెట్టాలి. జీలకర్ర వేసి నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా కాచి, పరగడుపున తాగించాలి. దానికి దుడ్లు తీసుకోకూడదు. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. మొక్క కోసం గడప దాటినప్పటినుంచి తిరిగి ఇల్లు చేరేదాకా ఎవరితోనూ పలకకూడదు, పలికితే ఆకులో గుణం పోతుంది. సలోమక్క చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే అయినా ఈ నియమాన్ని ఒక్కనాడూ తప్పలేదు. ఇదేం పిచ్చి అని నేను వెక్కిరించేదాన్ని. ఆమె పట్టించుకునేది కాదు.

పోయిన ఆగస్టులో నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. కిరాణా కొట్టు జగన్నాథంగారి కోడలు వాసవికి కామెర్లు. పదేళ్ల కిందట ఆయనకు ఈ కషాయంతోనే తగ్గిందని ఆ ఇంట్లో నమ్మకం. డాక్టరు మందులు వాడుతూనే ఇదీ కావాలన్నారు. సలోమక్క మంగళవారం మసక చీకట్లో పోయి, మా చర్చికే వచ్చే యాకోబు మిరపచేను గట్టు మీద మొక్కలు పీకి, మూడు రోజులు ఆరబెట్టి, శుక్రవారం నంద్యాల బస్సు డ్రైవరు చేతికి పొట్లం ఇచ్చి పంపింది.

ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ సలోమక్కా చెప్పులు తొడుక్కుంటుంటే యాకోబు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మంగళారం పొద్దున యాడికి పోతాంటివి? మోపెడ్ ఆపి పిలిస్తే నోటి మీద ఏలు పెడితివి. సరేలే, ఆకుకు పోతాండాదేమో అని నేనూ గమ్మునుంటి. మా గట్టు పక్కకు పోవాకని చెప్దామనే పిలిస్తి. ముందు దినం సాయంత్రమే ఆడ గడ్డిమందు కొట్టినా."

సలోమక్క చేతిలోని బైబిలు జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి కూడా వంగలేదు. కలుపును మాడ్చే ఆ గడ్డిమందు సంగతి మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కడుపులోకి పోతే మనిషి అప్పటికి బాగానే ఉంటాడు, నాలుగైదు రోజులకు లోపల ఒక్కొక్కటే పాడవుతూ వస్తుంది. మొక్క మీద పడితే ఆకు వాడిపోతుంది కదా అంటారేమో. ఆరబెట్టిన ఆకు ఎటూ వాడేదే, మరి ఎలా తెలుస్తుంది?

జగన్నాథంగారికి నాలుగుసార్లు ఫోన్ చేశాం. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. "నువ్వూ రా టీచరమ్మా, ఒక్కదాన్నే పోలేను" అంది సలోమక్క. వచ్చిన బస్సు ఎక్కేశాం. దారిలో శిరివెళ్ల దాటేదాకా ఆమె నా మణికట్టు వదల్లేదు. "పెండ్లయి ఏడాది కూడా కాలేదు ఆ పాపకు. పలికి ఉంటే అయిపోయేది. ఒక్క మాట, ఏందప్పా అని అడిగుంటే అయిపోయేది" అని అదే మాట అంటూనే ఉంది. నేను రెండో చేత్తో జగన్నాథంగారికి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాను.

నంద్యాలలో కొట్టు మూసి ఉంది. పక్క కొట్టాయన, "కోడలికి బాగలేదని పొద్దున్నే ఆసుపత్రికి తీస్కపోయినారు" అన్నాడు. సలోమక్క అక్కడే మెట్టు మీద కూలబడింది. నేను లేపి ఆటో ఎక్కించాను.

ఆసుపత్రి వరండాలో జగన్నాథంగారు, ఆయన భార్య వాసవాంబ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. హడావుడిలో ఫోను ఇంట్లోనే మరిచి వచ్చారట. వాళ్లు కొట్టినా, పోలీసులకు పట్టించినా సరే అన్నట్టు సలోమక్క నేరుగా ఎదురుగా పోయి నిలబడింది.

"అన్నా, నేను పంపిన ఆకు మీద గడ్డిమందు పడిండాది. నాకు తెల్దు. డాక్టరుకు చెప్పన్నా, బేగా చెప్పు. పాప తాగింది విషం."

జగన్నాథంగారు తెల్లబోయి లేచారు. తలుపు పక్కనే మంచం మీద సెలైన్ పెట్టుకుని ఉన్న వాసవికి ఈ మాటలు వినబడ్డాయి. "నేను తాగలే సలోమమ్మా" అంది నీరసంగా. "నిన్న ఆ వాసనకే వాంతి అయింది. ఈ పొద్దు కూడా ముట్టలే. ఏమీ తినలేకపోతాండానని ఈడ చేర్చినారు, అంతే."

సలోమక్క గోడకు ఆనుకుని బోరున ఏడ్చింది. నాకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడా బతికించావు అనుకున్నాను.

అప్పుడు వాసవాంబ నవ్వుతూ లేచింది. "ఏడవాకు సలోమీ. పాపకేం కాలే. నువ్వంత కష్టపడి పంపిన మందు మోరీలో పోసేకి మనసొప్పక రెండు దినాలూ నేనే తాగినా. నాకేమైంది, గుండ్రాయి మాదిరి ఉండా. పొద్దున్నుంచి గొంతులో రవ్వంత మంట, అంతే."

నేను పరుగున పోయి చెప్పగానే డాక్టరు ఆమెను అప్పటికప్పుడే చేర్చుకున్నాడు. ఎంత లోపలికి పోయిందో తెలియదని, కిడ్నీ పరీక్షలు రోజూ చేయాలని, మూడు రోజులు గడిస్తే గాని ఏదీ చెప్పలేమని అన్నాడు. కోడలి పక్క మంచమే అత్తకు ఇచ్చారు. జగన్నాథంగారు సలోమక్కను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఆమె నాతో తర్వాత చెప్పింది.

చేతికి సూది గుచ్చి నర్సు వెళ్లిపోయాక వాసవాంబ ముఖంలో నవ్వు లేదు. సలోమక్కను దగ్గరికి పిలిచి, మొగుడికి వినబడకుండా అడిగింది.

"నిజం చెప్పు. బతుకుతానా?"

ముప్పై ఏళ్లుగా కళ్లు పచ్చబడి వచ్చిన ప్రతి ఒక్కరికీ తగ్గిపోతాదిలే అని చెప్పి పంపిన మనిషి సలోమక్క.

"తెల్దమ్మా" అంది.

వాసవాంబ ఆమె చేయి పట్టుకుంది. "అయితే నువ్వీడే ఉండు. యాడికీ పోవాకు."

సలోమక్క స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.