చాల్ అంతా తాగిన నా డబ్బా

పోలీస్ భర్తీలో నా పరుగు గురించి ఎవరు అడిగినా మా అత్తమ్మ ముందు తన షర్బత్ సంగతే ఎత్తుకుంటుంది. అందుకే అసలు జరిగింది నేనే రాస్తున్నాను.

అంతకుముందు ఏడు ఆఖరి మలుపులో పిక్కలు పట్టేసి కూలబడ్డాను. ఇంకొక్క అవకాశమే మిగిలింది, ఆ తర్వాత నాకు భర్తీ వయసు దాటిపోతుంది. పొద్దున పరుగు, తర్వాత ఫోరస్ రోడ్‌లో దుకాణం కొలువు. సాయంత్రం ముంబయి కామాఠిపురాలో వరుస గదుల మా చాల్ మేడ మెట్లు ఎక్కాలంటే కాళ్లు మొరాయించేవి. గ్రౌండులో మా కోచ్ చూసి అమైనో యాసిడ్ల పొడి నీళ్లలో కలుపుకుని తాగమన్నాడు. అలసిన కండలు తొందరగా తేరుకుంటాయట, దమ్ము నిలుస్తుందట. నాగ్‌పాడాలో ఒక డబ్బా కొన్నాను, పుచ్చకాయ రుచిది. మర్నాడు మొదలుపెడదామని ఇంట్లో పెట్టి పనికి పోయాను.

తిరిగొచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉంది.

మా ఇళ్లల్లో కొత్తది ఏది తెచ్చినా బొట్టు పెట్టి, పోచమ్మ పటం ముందుంచి, గదుల ముందు గ్యాలరీలో ఇంటింటికీ పంచాకే ఇంటివాళ్లు ముట్టుకుంటారు. అత్తమ్మ ఆ పొడికీ అదే మర్యాద చేసింది. పెద్ద గంజులో నీళ్లు, ఐసు, డబ్బాలోని పొడి, పైన ఇంత చక్కెర కలిపి, చెంబుల్లో పోసి గడపగడపకూ ఇచ్చి వచ్చింది. పిల్లలు మళ్లీ అడిగారని మురిసిపోతూ చెప్పింది కూడా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నా కాళ్ల సత్తువంతా చాల్‌కు తాపినవ్ గదా అత్తమ్మా,” అన్నాను, గ్యాలరీ చివరిదాకా వినిపించేలా.

ఆమె ముఖం చిన్నబోయింది గానీ వెనక్కి తగ్గలేదు. “భర్తీకని తెచ్చినదాన్ని ఒక్కదానివే ఎట్ల తాగుతవ్ బిడ్డా? దిష్టి సీదా కాళ్లకే తగుల్తది.”

ఆ నెల ఇంకో డబ్బా కొనే దారి లేదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పరుగు నుంచి వచ్చేసరికి గడపలో అత్తమ్మ షర్బత్ పంచిన చెంబుల్లో ఒకటి. మూత తీస్తే ఉడికించిన గుడ్లు. మా చాల్‌లో ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వరు, అందులో వింతేమీ లేదు. ఆ మర్నాడు ఇంకో ఇంటి నుంచి మొలకెత్తిన పెసలు వచ్చాయి. తర్వాత పల్లి లడ్డూలు, ఒకరోజు చేపల పులుసు. అన్ని చెంబులూ ఒకేసారి ఎందుకు రాలేదో మా పక్కింటి వదిన నవ్వుతూ చెప్పింది. నేను అరిచిన ఆ సాయంత్రమే అత్తమ్మ మళ్లీ గడపగడపకూ వెళ్లి, అందరూ ఇవాళే ఇస్తే పిల్ల ఎంతని తింటుంది, రోజుకొకరు ఇవ్వండని దండం పెట్టిందట. చివరి ఇంటి వంతు అయిపోగానే, అవి మళ్లీ నిండి రావాలని, సిగ్గు లేకుండా అవే చెంబుల్లో మజ్జిగ పోసి పంపింది. కోచ్‌కు చెబితే పడీపడీ నవ్వి, వీటిలో ఉన్నవీ అమైనో యాసిడ్లే, మాట్లాడకుండా తినమన్నాడు.

పరుగు రోజు ఆఖరి మలుపులో పిక్కలు మళ్లీ లాగాయి. ఇందరి సొమ్ము తిని ఇక్కడ పడితే రేపు గ్యాలరీలో ఏ ముఖం పెట్టుకుని నడవాలి అని భయమేసింది. ఆ భయంతోనే గీత దాటాను.

ఎంపికైన వాళ్లలో నా పేరు వచ్చిన రోజు అత్తమ్మ పోచమ్మ పటం వెనక నుంచి ఒక కాగితం పొట్లం తీసింది. లోపల గడ్డకట్టిన గులాబీ రంగు పొడి.

“అమ్మవారి వంతు తీసిపెట్టిన. ఆ దినం అందరు తాగిన్రు, నీకే అందలే.”

చెంబులో కలిపి చేతికిచ్చింది. గుమ్మంలో గుమిగూడిన చాల్ అంతా చూస్తుండగా తాగాను. ఒట్టి పులుపు. ఈమె నా మీద ఎంత ప్రాణం పెట్టుకుందో తలుచుకుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

అత్తమ్మ నా ముఖం చూసి చక్కెర డబ్బా కోసం లోపలికి పరుగెత్తింది.