ముందే పోసిన కొసరు

ఎత్తైన పీఠభూమి మీది ఒరురో పట్టణంలో తెల్లవారుజాము చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ వేళకు సంతలో, అందరూ గౌరవంగా ‘దోన్యా’ అని పిలిచే ఇలారియా గంగాళం చుట్టూ జనం మూగుతారు. ఊదారంగు మొక్కజొన్న పిండిలో లవంగం, దాల్చినచెక్క వేసి ఆమె కాచే ‘అపి’ అనే పానీయం వేడివేడిగా గొంతు దిగితేనే వాళ్లకు మాట పెగలుతుంది.

పోయిన ఏడాది కొత్త బస్టాండులో ఆమెకు రెండో చోటు దొరికింది. గడువు మూడు నెలలు. ఆలోగా వ్యాపారం నిలబడకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. కూతురు నీల్దా మిల్లు పని మానేసి మరీ అక్కడ కూర్చుంది.

చిన్న వ్యాపారులకు ఉచితంగా సలహాలిచ్చే కార్యాలయం నుంచి గ్రోవర్ అనే ఉద్యోగి ప్రతి గురువారం ఇలారియా దగ్గరికి వచ్చేవాడు. ఆమెకు మొదట నమ్మకం కుదరలేదు.

“డబ్బు తీసుకోకుండా చెప్పే సలహా ఎలా ఉంటుంది బాబూ?”

“ఒక గ్లాసు అపి పోయండి దోన్యా. బాకీ తీరిపోతుంది.”

“తెలివైనవాడివే! నంజుకోడానికి ఏమైనా కావాలా?”

బస్సు ఎక్కే తొందరలో ఎవరూ కూర్చుని తాగరని, మూత ఉన్న కాగితం కప్పులు పెట్టమని అతను చెప్పాడు. ప్రయాణికులు కొన్నారు. కాని రోజంతా అక్కడే ఉండే డ్రైవర్లు, ఊళ్ల పేర్లు అరిచి బస్సులు నింపే ఆడవాళ్లు ఒకసారి తాగి మళ్లీ రాలేదు. రెండు నెలలు గడిచిపోయాయి. పిండి అదే, రుచి అదే. లోపమెక్కడో ఎవరికీ అంతుపట్టలేదు.

ఒక గురువారం సంతలో గ్రోవర్ మాట్లాడుతూనే సగమైన గ్లాసు ముందుకు చాచాడు. ఇలారియా అటు చూడకుండానే అర గరిటె కొసరు పోసింది. అతను మాట ఆపేశాడు.

“అక్కడ నీల్దా కొసరు పోస్తోందా?”

“పొయ్యకపోతే ఎలా? మూత పెట్టాక పొయ్యలేం కదా, ముందే కప్పు అంచుదాకా నింపేస్తోంది.”

ఇద్దరూ బస్టాండుకు వెళ్లారు. బస్సులు నింపే బెనిగ్నాను అడిగితే ఆమె మొహమాటపడలేదు.

“మీ పిల్ల పిసినారి. ఒక్క చుక్క కొసరు రాలదు.”

“అంచుదాకా పోశాను కదక్కా!” అంది నీల్దా.

“అది కొలతే పిల్లా. తాగి చెయ్యి చాపితే, నా ముఖం చూసి పోసేది కొసరు.”

గ్రోవర్ నెత్తి గోక్కున్నాడు. “నా సలహాలో సగం తప్పు దోన్యా.”

“సగమే కదా, ఒప్పుకున్నావు కూడా. మా ఆయన మొత్తం తప్పు చేసినా ఒప్పుకునేవాడు కాదు.”

మర్నాటి నుంచి ప్రయాణికులకు కప్పులు, అక్కడే ఉండేవాళ్లకు గాజు గ్లాసులు. ఒక బల్ల కూడా వేశారు. మొదటి రోజు బెనిగ్నా ఒక్కతే వచ్చింది. రెండో రోజు ముగ్గురు డ్రైవర్లను వెంటబెట్టుకొచ్చింది.

గడువు చివరి రోజున తనిఖీకి వచ్చిన అధికారికి గంగాళం దాకా వెళ్లే దారే లేకపోయింది.

“వరసలో రండి సారూ, మేమూ డ్యూటీకే పోవాలి!” అన్నాడొక డ్రైవరు.

అధికారి వరసలోనే నిలబడ్డాడు. తన వంతు వచ్చాక ఆ చోటు అనుమతి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. నీల్దా దాన్ని రెండుసార్లు చదివింది.

“ఎన్నాళ్లకే?” అంది పక్కనే గ్లాసులు కడుగుతున్న ఇలారియా.

“ఏడాదమ్మా.”

“సరే, ముందు అడుగు కలుపు. మాడుతోంది.”