ఊదితే తిరిగే బేరింగు

మా బావ బేరింగును చూపుడు వేలికి తొడిగి, బయటి రింగును రెండో చేత్తో ఒక్క దెబ్బ కొట్టి వదిలేవాడు. అది ఎంతసేపు తిరిగితే అంత మంచిదని లెక్క. బావ అంటే మా ఆయనకు అన్న. నాచారంలో చిన్న గాలిమరలు తయారుచేసే షెడ్డు ఆయనది. డాబా మీదో తోటలోనో పెట్టుకుంటే నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు నడుస్తాయి. మా ఆయన స్తంభాలు వెల్డింగు చేస్తాడు, నేను రెక్కలు బిగించే హబ్బు చూసుకుంటాను. మా దగ్గర బేరింగులు ఎంచేది మరదలే అని బావ వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు. అది అబద్ధమని నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు.

అంతకుముందు తొమ్మిదేళ్ళు అదే నాచారంలో నీళ్ళ మోటార్ల ఫ్యాక్టరీలో పనిచేశాను. స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటే లోపల బేరింగు ఎట్లా ఉందో తెలిసిపోయేది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మా ఆయనకూ అప్పుడు పని లేదు. అడగకుండానే బావ మమ్మల్ని పిలిచి పని ఇచ్చాడు, షెడ్డు వెనక రెండు గదులు ఇచ్చాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ మాకు కూడా కలిపి మటన్ తెచ్చేవాడు. కసురుకునే మనిషైతే ఎప్పుడో మొహం మీదే చెప్పి బయటపడేదాన్ని. ఇంత మంచివాడికి ఎట్లా ఎదురు చెప్పాలో నాకు తెలిసేది కాదు. పని ఆయనదే, ఇల్లు ఆయనదే, మా గేటు తాళం కూడా ఆయన దగ్గరే ఉండేది.

రామంతాపూర్‌లో ఆయనకు ఇరవై ఏళ్ళు సైకిల్ షాపు ఉండేది. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చక్రం ఊడదీసి, లోపలి గోళీలను కిరోసిన్‌లో కడిగి, రెండు చుక్కల మిషన్ నూనె వేసి మళ్ళీ బిగించి తిప్పేవాడట. చక్రం ఆగకుండా తిరుగుతుంటే చూడటానికి పక్క షాపుల వాళ్ళు వచ్చి నిలబడేవాళ్ళట. ఆ పేరునే ఆయన గాలిమరల్లోకీ తెచ్చుకున్నాడు. కిరోసిన్ దొరకడం మానేశాక డీజిల్ వచ్చింది, మిగతాదంతా మామూలే. కొత్త బేరింగు డబ్బాలోంచి తీయగానే బ్లేడుతో రెండు వైపులా రబ్బరు మూతలు పీకేయాలి. కంపెనీ పెట్టిన గ్రీజంతా డీజిల్‌లో కడిగేయాలి. ఇక ఊదినా తిరుగుతుంది.

గాలిమరకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఎండలో, వానలో, దుమ్ములో ఏళ్ళ తరబడి పైన ఉండేదానికి మూతలుండాలి, లోపల నిండా గ్రీజుండాలి. అట్లాంటి బేరింగు చేతిలో బద్ధకంగా రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. సరైన గాలి లేని రోజుల్లో రెక్కలు తిరగకుండా ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. అప్పుడు గోళీలు ఉన్నచోటనే రుద్దుకుని గుంటలు పడతాయి. గ్రీజు లేకపోతే ఇంకా త్వరగా పడతాయి. ఇదంతా ఫ్యాక్టరీలో నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. నేనూ బావకు చెప్పాను, ఒకే ఒక్కసారి.

ఆయన కోప్పడలేదు. ఒక చేతిలో కడిగిన బేరింగు, ఇంకో చేతిలో కడగనిది పట్టుకుని, షెడ్డులో అందరినీ పిలిచి రెండూ తిప్పాడు. నాది వెంటనే ఆగిపోయింది. ఆయనది ఇంకా తిరుగుతూనే ఉంది.

"గ్రీజంటే బురద లెక్కనే మరదలా. బురదల సక్రం తిరుగుతదా?" అన్నాడు.

అందరూ నవ్వారు, మా ఆయన కూడా. నేనూ నవ్వాను. అట్లా నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. మర్నాటి నుంచి డీజిల్ గిన్నె నా ముందుకు వచ్చింది. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా రెక్క మీద ఊది, అది కదలగానే మురిసిపోయేవాళ్ళు. ప్రతి గాలిమరతో ఒక కార్డు ఇచ్చేవాళ్ళం. బేరింగు చూసినవారు అన్నచోట నా సంతకం ఉండేది.

మచ్చుకు పెట్టిన గాలిమర ఒకటి మా గది పైకప్పు మీదే ఉండేది. కొన్ని నెలలకే దాని బేరింగు గరగరలాడటం మొదలుపెట్టింది. ఎవరికీ వినిపించేది కాదు, నాకు మాత్రం వంట చేస్తున్నా బట్టలు ఉతుకుతున్నా చెవిలోనే ఉండేది. ఒకసారి బావ పైకెక్కి రెండు చుక్కలు నూనె వేసి దిగాడు. వారం రోజులు బాగానే ఉంది, తర్వాత గరగర మళ్ళీ మొదలైంది. ఆ వారం నాకు ఇంకా భయమేసింది, ఎందుకంటే నా మాటే తప్పేమో అనుకోవడం మొదలుపెట్టాను.

అట్లా ఉన్నప్పుడు పాత ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఉప్పల్‌లో ఫ్యాన్ మోటార్ల కంపెనీలో చేరాడట, బేరింగుల లైనుకు తెలిసిన మనిషి కావాలట, సోమవారం రమ్మన్నాడు. ఆ రోజంతా నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. మూతలు పీకకుండా బేరింగు బిగించి ఎన్నాళ్ళయిందో. మా ఆయనకు చెబితే, సంతోషమే, కానీ అన్నకు నువ్వే చెప్పుకో అన్నాడు. రోజూ పొద్దున బావ ముందు టీ గ్లాసు పెట్టి నిలబడేదాన్ని. ఆయన ఏదో మంచి మాట అనేవాడు. ఖాళీ గ్లాసు పట్టుకుని వెనక్కి వచ్చేదాన్ని. శుక్రవారం వచ్చినా చెప్పలేదు.

ఆ శుక్రవారమే జవహర్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఒక చిన్న ప్రార్థన మందిరానికి నిరుడు గాలిమర పెట్టాం. రేకుల కప్పు, గోడకు ఆనించి స్తంభం, సాయంత్రం పూట ఆ రేకుల కిందే పిల్లలకు ట్యూషన్. గాలిమర చప్పుడు చేస్తోందని పాస్టరుగారు అన్నారు. నేను, మా ఆయన, బావ ట్రాలీ ఆటోలో సామాన్లేసుకుని వెళ్ళాం. డంపు యార్డుకు చెత్త లారీలు వరసగా పోతున్నాయి. దుమ్ముకు కళ్ళు తెరవలేకపోయాం.

స్క్రూడ్రైవర్ స్తంభానికి ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాను. కంకర నములుతున్నట్టు ఉంది. పిల్లల్ని బయటికి పంపమన్నాను. మా ఆయన నిచ్చెనెక్కి, రెక్కలకు తాడు కట్టి ఆపి, హబ్బు విప్పి కిందికి దించాడు. బేరింగులో గోధుమ రంగు ముద్ద తప్ప ఏమీ లేదు. గోళీలు గుంటలు పడ్డాయి. లోపలి ఇరుసు సగానికి సగం అరిగిపోయి ఉంది. ఇంకో గట్టి గాలి వస్తే రెక్కలతో సహా మొత్తం ఊడి రేకుల మీద పడేది. బయట పిల్లలు పుస్తకాలు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు.

బావ ఒక్క క్షణం చూసి, ఇక్కడి దుమ్ము అట్లాంటిదనీ, ఈ దుమ్ముకు ఏ బేరింగూ ఆగదనీ, కొత్తది వేసి ఇస్తాననీ పాస్టరుగారికి చెప్పాడు. పాస్టరుగారు తల ఊపారు. తర్వాత స్విచ్చుబోర్డు పక్కన మేకుకు తగిలించిన కార్డు తీసి నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఈ సంతకం నీదేనా?"

"నాదే అయ్యగారూ. దుమ్ముతోని కాదు. దీని మూతలు నేనే పీకిన, గ్రీజు నేనే కడిగిన. పాడైతదని ఎరికుండే కడిగిన."

బావ పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, ఆయన మొహమే చెప్పింది. పాస్టరుగారు ఆ ఇరుసును చేతిలోకి తీసుకుని చూశారు. ఇట్లాంటివి ఇంకెన్ని పెట్టారని అడిగారు. పదకొండు అన్నాను. ఆయన కార్డును మళ్ళీ మేకుకు తగిలించారు. తిట్టి ఉంటే బాగుండేది.

షెడ్డు ముందు దిగాక బావ గేటు తీసి, తాళం నా చేతిలో పెట్టాడు.

"ఉప్పల్ల పని దొరికిందట గదా, తమ్ముడు జెప్పిండు. పో. నేనేమన్న పట్టుకున్ననా?"

గొంతులో కోపం లేదు, అవమానం ఉంది. ఇన్ని నెలలు నేను ఎదురుచూసిన మాట అదే. నా మనసు తేలిక కావాలి కదా, కాలేదు. ఆయన లోపలికి వెళ్ళి సైకిల్ షాపు నాటి పాత స్టూలు మీద కూర్చుని, చేతిలో ఏ బేరింగూ లేకుండా ఊరికే తన వేలి వైపు చూసుకుంటున్నాడు. జాలేసింది. కానీ జాలి కంటే ముందు ఆ పదకొండు గాలిమరలు కళ్ళ ముందు కదిలాయి. సోమవారం నేను ఉప్పల్ బస్సెక్కితే వాటి దగ్గరికి ఎవరు పోతారు? మళ్ళీ రెండు చుక్కల నూనె వేసి వస్తారు. అన్నీ బాగానే తిరుగుతాయి, ఒక వారం.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఎందుకని అడిగాడు. పాత పని మిగిలిపోయిందన్నాను. ఉద్యోగం నీ కోసం ఆగదు కదమ్మా అన్నాడు. తెలుసన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను, దాచను.

గాలిమరలు కొన్నవాళ్ళ నంబర్లన్నీ షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంటాయి. మొదటిది కీసర దగ్గర తోట ఉన్న ఒక పెద్దమనిషిది. గాలిమర ఎట్లా ఉందని అడగ్గానే ఆయన సంతోషంగా అందుకున్నాడు.

"మస్తుగ తిరుగుతున్నదమ్మా. జర గాలొస్తే సాలు, ఆగనే ఆగది. దాని కిందనే మంచమేసుకుని పండుకుంటున్న."

"అన్నా," అన్నాను, "ముందుగాల ఆ మంచం తియ్యి."